లావెక్కిన చిట్టెలుక, పూడిన ధమని: ఈ రెండూ ఒకటి కావు

"కొవ్వు మేత పెడితే చిట్టెలుకలు లావెక్కాయి, వాటి ధమనులు పూడిపోయాయి" అనే వార్త ఏదో ఒక రూపంలో తరచూ కనబడుతూనే ఉంటుంది. చదివినవాళ్లు లావెక్కడం వల్లే ధమనులు పూడాయని అనుకుంటారు, అలా అనుకోవడంలో వింతేమీ లేదు. కానీ ఆ వాక్యంలో మూడు సంగతులు ఉన్నాయి: మేత, బరువు, పూడిక. మేత వల్ల బరువు పెరిగింది, మేత వల్ల పూడిక వచ్చింది, అంతవరకు ప్రయోగం చూపించింది. బరువు వల్ల పూడిక వచ్చిందా లేదా అన్నది ఆ ప్రయోగం చెప్పలేదు, చెప్పడం దానివల్ల కాదు కూడా, ఎందుకంటే రెండూ ఒకే మేతతో ఒకేసారి మారాయి. ఈ ముడి విప్పడానికి శాస్త్రవేత్తలు చాలా తెలివైన ప్రయోగాలు చేశారు. వాటి గురించి బయట పెద్దగా ఎవరూ మాట్లాడరు, నాకు బాధగా అనిపించేది అదే.

ముందు 2009లో హార్వర్డ్‌కు అనుబంధంగా బోస్టన్‌లో జరిగిన ఒక ప్రయోగం చూద్దాం. ధమనుల జబ్బు తేలిగ్గా వచ్చేలా జన్యువు మార్చిన చిట్టెలుకలను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు మామూలు ల్యాబ్ మేత. రెండో గుంపుకు పరిశోధకులు "వెస్టర్న్ డైట్" అని పిలిచే మేత, అంటే కేలరీల్లో 43 శాతం కొవ్వు, 42 శాతం పిండిపదార్థం, 15 శాతం ప్రోటీన్. మూడో గుంపుకు అదే 43 శాతం కొవ్వు, అదే మోతాదు కొలెస్ట్రాల్, కానీ పిండిపదార్థం 12 శాతానికి తగ్గించి ప్రోటీన్‌ను 45 శాతానికి పెంచారు. పన్నెండు వారాల తర్వాత చూస్తే మూడో గుంపు చిట్టెలుకలు రెండో గుంపు కన్నా తక్కువ బరువు పెరిగాయి. తూకం చూసి తీర్పు చెప్పేవాళ్లైతే ఆ డైట్ గెలిచిందనే అంటారు. మరి గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమనిని, అంటే బృహద్ధమనిని తెరిచి చూస్తే? వెస్టర్న్ డైట్ తిన్నవాటిలో ధమని లోపలి తలంలో సుమారు 9 శాతం పూడికతో నిండి ఉంది, తక్కువ బరువు పెరిగిన గుంపులో సుమారు 15 శాతం. రక్తంలో కొలెస్ట్రాల్ రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకేలా ఉంది. తేడా కనిపించింది వేరే చోట: రక్తనాళాల లోపలి పొరను బాగుచేసే పూర్వ కణాలు మూడో గుంపులో తగ్గిపోయాయి, రక్తంలో విడి కొవ్వు ఆమ్లాలు పెరిగాయి.

అంటే బరువు ఒక దిక్కుకు, ధమని ఇంకో దిక్కుకు వెళ్లాయి. మామూలుగా చూసే కొలెస్ట్రాల్ పరీక్ష కూడా దీన్ని పట్టుకోలేకపోయింది. ఈ ఒక్క ప్రయోగం చూసి ప్రోటీన్ చెడ్డదని తేల్చేయకూడదు, అది చిట్టెలుక, అందులోనూ జన్యువు మార్చిన చిట్టెలుక. కానీ సన్నబడటాన్ని ధమని ఆరోగ్యానికి కొలతగా పెట్టుకోకూడదని మాత్రం ఇది గట్టిగానే చెబుతుంది.

ధమని గోడలో జరిగేది ఏమిటి

ముందుకు వెళ్లే ముందు ఇది కాస్త తెలియాలి. కొలెస్ట్రాల్ నీళ్లలో కరగదు కాబట్టి రక్తంలో ప్రోటీన్ పూత ఉన్న చిన్న చిన్న రేణువుల్లో ప్రయాణిస్తుంది. వాటిలో ఎల్‌డీఎల్ లాంటి, అపో-బీ అనే ప్రోటీన్ ఉన్న రేణువులు ధమని గోడలోకి దూరి, అక్కడి పీచు పదార్థానికి అంటుకుని ఇరుక్కుపోతాయి. జబ్బు మొదలయ్యేది అక్కడే. ఇరుక్కున్న రేణువులు పాడైతే వాటిని ఏరేయడానికి రక్తంలోని మోనోసైట్లు అనే రోగనిరోధక కణాలు గోడలోకి వస్తాయి, మాక్రోఫేజ్‌లుగా మారి ఆ కొవ్వును మింగుతాయి, మింగీ మింగీ కొవ్వు బొట్లతో నిండిపోయి నురగ కణాలవుతాయి. అవి చచ్చిపోయి పోగుపడితే మధ్యలో మెత్తటి కొవ్వు ముద్ద, పైన పీచు పొర. దీన్నే పూడిక అంటున్నాం, డాక్టర్లు ప్లాక్ అంటారు, జబ్బు పేరు అథెరోస్క్లెరోసిస్.

ఇందులో రెండు భాగాలు విడివిడిగా గుర్తుంచుకోండి: గోడలోకి దూరే రేణువులు ఎన్ని అన్నది ఒకటి, వాటి మీద రోగనిరోధక కణాలు ఎంత తీవ్రంగా విరుచుకుపడతాయి అన్నది రెండోది. మేత మొదటిదాన్ని నేరుగా కదుపుతుంది. బరువు, ఇంకా చెప్పాలంటే ఒంట్లోని కొవ్వు కణజాలం, ఎక్కువగా రెండోదాని మీద పనిచేస్తుంది, మొదటిదాన్ని కూడా కొంత మారుస్తుంది.

కుందేళ్లతో మొదలైంది

1908లో రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఇగ్నటోవ్‌స్కీ అనే వైద్యుడు కుందేళ్లకు మాంసం, గుడ్లు, పాలు తినిపించి వాటి బృహద్ధమనిలో పూడికలు చూశాడు. తప్పు జంతు ప్రోటీన్‌దే అనుకున్నాడు. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే అక్కడి పరిశోధకులు ఒక్కో ఆహారాన్నీ విడివిడిగా పెట్టి చూస్తే గుడ్డు పచ్చసొన దగ్గరే దొంగ దొరికాడు. 1913లో నికొలాయ్ అనిచ్‌కొవ్, సెమ్యోన్ ఖలాతొవ్ ఇంకో అడుగు ముందుకేసి, శుద్ధమైన కొలెస్ట్రాల్‌ను పొద్దుతిరుగుడు నూనెలో కరిగించి కుందేళ్లకు పెట్టారు. మాంసం లేదు, గుడ్డు లేదు, పాలు లేవు. పూడికలు వచ్చాయి. ఆహారంలోని ఒక్క పదార్థాన్ని విడదీసి దోషిగా నిలబెట్టిన తొలి ప్రయోగాల్లో ఇదొకటి, ఇప్పటికీ నాకు ముచ్చటేసేది దాని సూటిదనం.

కానీ ఇదే కొలెస్ట్రాల్‌ను ఎలుకలకో కుక్కలకో పెడితే పెద్దగా ఏమీ కాలేదు. దాంతో చాలామంది, కుందేలు గడ్డి తినే జంతువు, దానికి కొలెస్ట్రాల్ అలవాటు లేదు, కాబట్టి ఇది మనిషికి వర్తించదు అని పక్కన పెట్టేశారు. అభ్యంతరం సగమే నిజం. కుందేలు ఆహారంలో సహజంగా కొలెస్ట్రాల్ దాదాపు ఉండదు, బయట నుంచి వచ్చి పడితే వదిలించుకోలేదు, అందుకే డెసిలీటరుకు 50 మిల్లీగ్రాముల చుట్టూ ఉండే దాని రక్త కొలెస్ట్రాల్ వెయ్యి దాటిపోతుంది. కుక్క అలా కాదు, వచ్చిన కొలెస్ట్రాల్‌ను పిత్తరసపు ఆమ్లాలుగా మార్చి బాగా వదిలించుకుంటుంది, పైగా దాని రక్తంలోని కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం హెచ్‌డీఎల్ రేణువుల్లో ఉంటుంది, ఎల్‌డీఎల్‌లా ధమని గోడలో ఇరుక్కునే రకం కాదవి. అయితే 1946లో కుక్కల థైరాయిడ్ పనిని మందుతో అణచి, అప్పుడు కొలెస్ట్రాల్ పెట్టి చూశారు. రక్తంలో కొలెస్ట్రాల్ పెరిగింది, కుక్కలకూ పూడికలు వచ్చాయి. కుక్క ధమనికి ప్రత్యేకమైన కవచమేదీ లేదు, దాని రక్తంలో కొలెస్ట్రాల్ పెరగకపోవడమే దాని కవచం.

జంతువుల మధ్య ఈ తేడా ఒక మందునే దాదాపు చంపేసింది. జపాన్‌లో అకిర ఎందో 1973లో కొలెస్ట్రాల్ తగ్గించే మందుల్లో తొలి స్టాటిన్‌ను కనిపెడితే అది ఎలుకల రక్తంలో కొలెస్ట్రాల్‌ను తగ్గించలేదు. గుడ్లు పెట్టే కోళ్ల మీద, తర్వాత కుక్కల మీద పనిచేయబట్టి ఆ పని ముందుకు సాగింది. ఎలుకతోనే ఆగిపోయి ఉంటే ఇవాళ కోట్లమంది మింగే ఆ మాత్రల కథ ఇంకోలా ఉండేది.

ఇంకో ఉదాహరణ పావురాలది. వైట్ కార్నో అనే జాతి పావురాలకు ఏ కొవ్వు మేతా పెట్టకుండానే వయసుతో బృహద్ధమనిలో పూడికలు వస్తాయి. షో రేసర్ అనే జాతికి అంతగా రావు. మేత ఒకటే, రక్తంలో కొలెస్ట్రాల్ కూడా ఇంచుమించు ఒకటే. తేడా ధమని గోడ కణాల్లోనే ఉందన్నమాట. కాబట్టి "ఈ ఆహారం ధమనులను పూడుస్తుంది" అనే మాట వినగానే ఏ జంతువులో, ఏ జాతిలో అని అడగడం చాదస్తం కాదు.

చిట్టెలుకకు ఈ జబ్బు సహజంగా రాదు

ఇవాళ ఈ రంగంలో ఎక్కువ ప్రయోగాలు చిట్టెలుకల మీదే. చవక, త్వరగా పెరుగుతాయి, జన్యువులను మార్చడం తేలిక. కానీ మామూలు చిట్టెలుకకు ధమనుల్లో పూడిక దాదాపు రాదు. దాని రక్తంలో మొత్తం కొలెస్ట్రాల్ సుమారు వంద లోపే, అందులోనూ ఎక్కువ హెచ్‌డీఎల్. మనుషుల్లో హెచ్‌డీఎల్ నుంచి కొలెస్ట్రాల్‌ను ఎల్‌డీఎల్ వైపు మార్పిడి చేసే సీఈటీపీ అనే ప్రోటీన్ చిట్టెలుకలో లేదు.

1980ల్లో బెవర్లీ పైగెన్ దీనికి ఒక దారి వెతికింది. 15 శాతం కొవ్వు, 1.25 శాతం కొలెస్ట్రాల్, దానికి తోడు పిత్తరసంలో ఉండే కోలిక్ ఆమ్లం 0.5 శాతం. ఆ మేతతో కొన్ని జాతుల చిట్టెలుకలకు చిన్న చిన్న పూడికలు వచ్చాయి, కొన్ని జాతులకు రాలేదు, అలా జన్యువుల పాత్ర బయటపడింది. అయితే కోలిక్ ఆమ్లమే కాలేయంలో ఇన్‌ఫ్లమేషన్ తెస్తుంది, అంటే రోగనిరోధక కణాలు అక్కడ రెచ్చిపోతాయి. కాబట్టి పూడికకు కారణం కొవ్వా, కొలెస్ట్రాలా, ఆ ఆమ్లమా అన్న అనుమానం ఉండిపోయింది.

1992లో నార్త్ కరోలినాలో నొబుయో మయేద బృందం, న్యూయార్క్‌లో జాన్ బ్రెస్లో బృందం విడివిడిగా అపో-ఈ అనే జన్యువు లేని చిట్టెలుకలను తయారుచేశాయి. రక్తం నుంచి కొవ్వు రేణువులను కాలేయం ఏరేసుకోవడానికి కావాల్సిన ప్రోటీన్ ఆ జన్యువుది. అది లేకపోతే మామూలు మేత మీదే కొలెస్ట్రాల్ 400 నుంచి 600 దాకా పోతుంది, వెస్టర్న్ డైట్ మీద వెయ్యి దాటుతుంది. మరుసటి ఏడాది, రక్తంలోని ఎల్‌డీఎల్ రేణువులను పట్టుకునే ఎల్‌డీఎల్ రిసెప్టర్ అనే ప్రోటీన్ లేని చిట్టెలుకలు వచ్చాయి. వీటిది వేరే స్వభావం: మామూలు మేత మీద కొలెస్ట్రాల్ 200 పైన ఉంటుంది కానీ పూడిక చాలా తక్కువ, కొవ్వు, కొలెస్ట్రాల్ ఉన్న మేత పెడితేనే పెద్ద పూడికలు వస్తాయి. అందుకే ఆహారం ప్రభావం చూడాలనుకునేవాళ్లు ఎక్కువగా ఈ రెండో రకాన్నే ఎంచుకుంటారు. వార్తల్లో మాత్రం రెండింటినీ కలిపి "ఎలుకలు" అనేస్తారు. అపో-ఈ లేని చిట్టెలుకలో వచ్చిన ఫలితానికీ, ఎల్‌డీఎల్ రిసెప్టర్ లేని చిట్టెలుకలో వచ్చిన ఫలితానికీ అర్థం ఒకటే కాకపోవచ్చు.

లావుగా ఉన్నా ధమనులు శుభ్రంగా

బరువు, పూడిక వేర్వేరని చెప్పడానికి నాకు తెలిసినంతలో అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఇది. జన్యువు మార్చని మామూలు చిట్టెలుకకు కేలరీల్లో 60 శాతం కొవ్వు ఉన్న మేత నెలల తరబడి పెట్టండి. 30 గ్రాముల దగ్గర ఉండాల్సింది 45, 50 గ్రాములకు పోతుంది. ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు, కాలేయంలో కొవ్వు చేరుతుంది. మధుమేహం, ఊబకాయం పరిశోధనల్లో రోజూ వాడే పద్ధతి ఇది. కానీ దాని బృహద్ధమని తెరిచి చూస్తే పూడిక దాదాపు ఉండదు. అపో-బీ రేణువులు రక్తంలో అంతగా పెరగలేదు, గోడలో ఇరుక్కోవడానికి సరుకే లేదు.

ఇంకా ముందుకు వెళ్దాం. 1949లో అమెరికాలోని జాక్సన్ ల్యాబొరేటరీలో పుట్టుకతోనే విపరీతంగా లావెక్కే ఒక చిట్టెలుక దొరికింది. ఆకలిని అదుపు చేసే లెప్టిన్ హార్మోన్ దానికి లేదని 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కనిపెట్టింది. ఇవి మామూలు చిట్టెలుకకు దాదాపు మూడింతల బరువు తూగుతాయి. అదే 1994లో పైగెన్ బృందం ఇలాంటి లావు చిట్టెలుకలకు పూడిక తెచ్చే మేత పెట్టి చూస్తే, లెప్టిన్ లేనివాటికి సన్నటి తోబుట్టువుల కన్నా తక్కువ పూడిక వచ్చింది.

ఇది చదివి లావు ధమనులను కాపాడుతుందని అనుకుంటే తప్పులో కాలేసినట్టే. లెప్టిన్ ఆకలి హార్మోన్ మాత్రమే కాదు, రోగనిరోధక కణాలను ఉసిగొల్పుతుంది కూడా. అపో-ఈ లేని చిట్టెలుకలకు బయటినుంచి లెప్టిన్ ఎక్కిస్తే పూడిక పెరిగింది. కాబట్టి లెప్టిన్ లేకపోవడం ఒక చేత్తో బరువును పెంచి, ఇంకో చేత్తో ధమనిని కొంత కాపాడుతోంది. ఇదే లెప్టిన్ లేని చిట్టెలుకలో ఎల్‌డీఎల్ రిసెప్టర్‌ను కూడా తీసేస్తే కథ తిరగబడింది: మామూలు మేత మీదే కొలెస్ట్రాల్ విపరీతంగా పెరిగి 1,500 దాటింది, ఆ మేత మీదే పెద్ద పూడికలు వచ్చాయి. రక్తం నుంచి రేణువులను ఏరేసే దారి మూసుకుపోయినప్పుడు, లావు వల్ల కాలేయం ఎక్కువగా తయారుచేసే కొవ్వు రేణువులు అక్కడే పేరుకుపోయాయి. ఆ దారి తెరిచి ఉన్నంతకాలం అంత బరువు కూడా ధమనిని ముట్టుకోలేదు.

ఎలుకల్లోనూ ఇదే కనిపిస్తుంది. 1961లో బయటపడిన జుకర్ ఎలుకలు బాగా లావు, రక్తంలో కొవ్వులూ ఎక్కువే, అయినా ధమనుల్లో పూడిక దాదాపు లేదు. కెనడాలో పెంచిన జేసీఆర్ అనే ఇంకో జాతి లావు ఎలుకలకు, ముఖ్యంగా మగవాటికి, ఏ ప్రత్యేక మేతా లేకుండానే ధమనుల్లో దెబ్బలు కనిపిస్తాయి. రెండూ లావే. రెండో జాతిలో ఇన్సులిన్ నిరోధకత, అంటే ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోవడం, చిన్న వయసులోనే, చాలా తీవ్రంగా వస్తుంది.

కొవ్వు ఎంత కన్నా, ఎక్కడ

అయితే బరువుకు ఏ పాత్రా లేదా? ఉంది. కానీ అది తూకంలో కనబడేది కాదు. 2003లో వచ్చిన రెండు పరిశోధనలు లావెక్కిన చిట్టెలుకల కొవ్వు కణజాలం నిండా మాక్రోఫేజ్‌లు చేరుతున్నాయని చూపించాయి. అంటే కొవ్వు అనేది శక్తిని దాచే గిడ్డంగి మాత్రమే కాదు, అది ఇన్‌ఫ్లమేషన్ సంకేతాలు పంపే అవయవం. 2014లో ఇంకో బృందం ఆ సంకేతాలు ఎముక మజ్జదాకా వెళ్లి మోనోసైట్ల తయారీని పెంచుతున్నాయని చూపించింది. మోనోసైట్లే కదా ధమని గోడలో దూరి నురగ కణాలయ్యేవి. లావుకూ ధమనికీ మధ్య ఉన్న తీగ ఇక్కడ దొరికింది.

దీన్ని ఇంకా సూటిగా పరీక్షించినది 2008లో మిషిగన్‌లో జరిగిన ప్రయోగం. ఒక చిట్టెలుక పొట్ట లోపలి కొవ్వును కొంచెం తీసి, అపో-ఈ లేని ఇంకో చిట్టెలుకలో అమర్చారు. పూడిక పెరిగింది. చర్మం కింది కొవ్వు తీసి అమర్చితే అలా పెరగలేదు. ఇక్కడ కొత్త మేత లేదు, అమర్చిన కొవ్వు ముక్క తప్ప వేరే ఏమీ మారలేదు. బరువుకూ మేతకూ ముడిపడిన చిక్కును కత్తెర పట్టుకుని కోసిన ప్రయోగం అంటే ఇదే.

కోతుల్లోనూ దీనికి సరితూగే సంగతి ఒకటి ఉంది. నార్త్ కరోలినాలో పొడవు తోక మకాక్ కోతులకు ఒకే మేత పెట్టి గుంపులుగా పెంచారు. గుంపులో అణిగిమణిగి బతకాల్సిన ఆడకోతుల గుండె ధమనుల్లో, పెత్తనం చేసే ఆడకోతుల కన్నా ఎక్కువ పూడిక. వాటికి పొట్ట లోపలి కొవ్వు కూడా ఎక్కువే. మగకోతుల్లో ఇంకోలా ఉంది: గుంపులో కోతులను తరచూ మారుస్తూ ఉంటే, ప్రతిసారీ పోట్లాడి తన స్థానం నిలబెట్టుకోవాల్సిన పెత్తందారు కోతులకే ఎక్కువ పూడిక వచ్చింది. తిండి అందరికీ ఒకటే, టెన్షన్ మాత్రం ఒకటి కాదు. మేత, బరువు అనే రెండు మాటలతోనే ఈ జబ్బును వివరించేయాలనుకునేవాళ్లకు ఈ కోతులు పెద్ద అడ్డంకి.

తక్కువ తింటే

అపో-ఈ లేని చిట్టెలుకలకు అవే పోషకాలు ఉంచి కేలరీలను 60 శాతానికి తగ్గిస్తే పూడిక తగ్గింది, ధమని గోడలో ఆక్సీకరణ దెబ్బ కూడా తగ్గింది. ఇక్కడా అదే ప్రశ్న: బరువు తగ్గడం వల్లా, తక్కువ తినడం వల్లా? దీన్ని విడదీయడానికి పరిశోధకులు వాడేది "పెయిర్ ఫీడింగ్". ఒక గుంపు ఎంత తింటుందో తూచి, రెండో గుంపుకు సరిగ్గా అంతే పెడతారు. ఏదైనా మందు ఇచ్చిన చిట్టెలుకలు తక్కువ తింటే, మందు లేకుండా అంతే తక్కువ తిన్న గుంపుతో పోల్చాలి. అప్పుడే మందు ధమని మీద పనిచేసిందా, ఆకలి చంపి పనిచేసిందా తెలుస్తుంది. ఒక మందు "బరువు తగ్గించి ధమనిని కాపాడింది" అని రాసిన పరిశోధనలో ఈ గుంపు లేకపోతే నేను ఆ మాటను సగమే నమ్ముతాను.

తక్కువ తినడం మీద పెద్ద పాఠం రీసస్ కోతులది. అమెరికాలో 1987లో జాతీయ వృద్ధాప్య సంస్థ, 1989లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం విడివిడిగా మొదలుపెట్టాయి. రెండు చోట్లా కొన్ని కోతులకు సుమారు 30 శాతం తక్కువ కేలరీలు. 2009లో విస్కాన్సిన్ వాళ్లు తక్కువ తిన్న కోతుల్లో గుండె, రక్తనాళాల జబ్బు సగానికి తగ్గిందని, వయసు జబ్బులతో చావులు తగ్గాయని చెప్పారు. 2012లో జాతీయ వృద్ధాప్య సంస్థ ఆయుష్షులో తేడా లేదంది. పెద్ద గొడవే అయింది. తీరా చూస్తే మేతే వేరు. విస్కాన్సిన్ మేత శుద్ధిచేసిన పదార్థాలతో చేసింది, అందులో 28.5 శాతం చక్కెర. రెండో చోట గోధుమ, మొక్కజొన్న, సోయా, చేప లాంటి సహజ పదార్థాలు, చక్కెర 3.9 శాతమే. పైగా విస్కాన్సిన్‌లో పోలిక గుంపు కోతులు ఎంత కావాలంటే అంత తిన్నాయి, రెండో చోట వాటికి కూడా కొలిచే పెట్టారు. చక్కెర మేతను కడుపారా తిని లావెక్కిన కోతితో పోలిస్తే తక్కువ తిన్న కోతి ఆరోగ్యంగా కనబడుతుంది. అసలే మంచి మేతను కొలిచి తిన్న కోతితో పోలిస్తే అంత తేడా రాదు. 2017లో రెండు బృందాలూ కలిసి లెక్కలు పక్కపక్కన పెట్టి, మొత్తం మీద తక్కువ కేలరీలు ఆరోగ్యానికి మేలు చేశాయని, తేడాలకు మేత, వయసు, పోలిక గుంపుల తిండి కారణమని చెప్పాయి. ఇద్దరూ కలిసి కూర్చుని రాశారు కాబట్టి ఆ వ్యాసం మీద నాకు గౌరవం.

ఏ కొవ్వు అన్నది కూడా

"కొవ్వు మేత" అని ఒక్క మాటలో తేల్చేస్తే ఇంకో సంగతి జారిపోతుంది. ఆఫ్రికన్ గ్రీన్ కోతులకు ఐదేళ్లపాటు కేలరీల్లో 35 శాతం కొవ్వే ఇచ్చి, రకం మాత్రం మార్చారు: ఒక గుంపుకు సంతృప్త కొవ్వు, ఇంకోదానికి ఒలీక్ ఆమ్లం ఎక్కువున్న మోనో అన్‌శాచురేటెడ్ కొవ్వు, మూడోదానికి లినోలీక్ ఆమ్లం ఎక్కువున్న పాలీ అన్‌శాచురేటెడ్ కొవ్వు. 1995లో ఫలితం వచ్చింది. మూడో గుంపుకు గుండె ధమనుల్లో పూడిక తక్కువ. ఆశ్చర్యం రెండో గుంపుది: ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్ లెక్కలు సంతృప్త కొవ్వు గుంపు కన్నా మెరుగ్గా ఉన్నాయి, పూడిక మాత్రం దాదాపు అంతే. ఆ కోతుల ఎల్‌డీఎల్ రేణువుల లోపల కొలెస్టరిల్ ఒలియేట్ (ఒలీక్ ఆమ్లంతో కలిసిన కొలెస్ట్రాల్) నిండి ఉందని, అదే పూడికకు దోహదం చేసిందని పరిశోధకులు వివరించారు. మనుషుల అధ్యయనాల్లో మోనో అన్‌శాచురేటెడ్ కొవ్వుకు మంచి పేరే ఉంది, ఈ కోతులు దాన్ని కొట్టిపారేయవు. కానీ రేణువు ఎన్ని ఉన్నాయన్నదే కాదు, దాని లోపల ఏముందన్నదీ లెక్కలోకి వస్తుందని చూపించాయి.

పోలిక గుంపు మేత

ఈ రంగంలో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే, అయినా వార్తల్లో ఒక్క ముక్క కూడా రాదు. కొవ్వు మేత సాధారణంగా శుద్ధిచేసిన పదార్థాలతో తయారవుతుంది: పాలలోని కేసిన్ ప్రోటీన్, పాల కొవ్వు, చక్కెర, కొంచెం సెల్యులోజ్. పోలిక గుంపుకు చాలాచోట్ల పెట్టేది మామూలు ల్యాబ్ మేత, అంటే ధాన్యాలు, సోయా, బోలెడంత పీచు, ఈస్ట్రోజెన్ లాంటి మొక్క రసాయనాలు. ఈ రెండింటినీ పోల్చి వచ్చిన తేడాను కొవ్వు ఖాతాలో రాసేస్తే ఎలా? ప్రోటీన్ వేరు, పీచు వేరు, చక్కెర వేరు, పేగులో బ్యాక్టీరియా కూడా దాంతో మారిపోతుంది. సరైన పోలిక అంటే అదే శుద్ధిచేసిన పదార్థాలతో కొవ్వు మాత్రం తగ్గించిన మేత. పరిశోధన వ్యాసంలో "పద్ధతులు" అనే భాగంలో రెండు మేతల పేర్లూ పక్కపక్కన చూస్తే ఇది నిమిషంలో తెలిసిపోతుంది.

గది వేడి కూడా చిన్న విషయం కాదు. ల్యాబుల్లో సుమారు 22 డిగ్రీలు ఉంచుతారు, అది మనకు హాయి, చిట్టెలుకకు చలి. తన ఒంటిని వెచ్చగా ఉంచుకోవడానికే అది బోలెడు కేలరీలు ఖర్చుచేస్తుంది. దానికి సరిపడే 30 డిగ్రీల దగ్గర పెంచి చూస్తే, 2016లో వచ్చిన పరిశోధన ప్రకారం, కొవ్వు కణజాలంలోనూ రక్తనాళంలోనూ ఇన్‌ఫ్లమేషన్ పెరిగింది, పూడిక పెరిగింది, ఇన్సులిన్ నిరోధకత మాత్రం పెరగలేదు. ఇన్సులిన్ చెడిపోవడం, ధమని పూడటం కూడా ఎప్పుడూ జంటగా నడవవని దీంతో తేలింది.

ఆడా మగా తేడా, ఎన్ని వారాల వయసులో చూశారు, ధమనిలో ఏ చోట కొలిచారు అన్నవి కూడా ఫలితాన్ని మారుస్తాయి. చిట్టెలుకల్లో పూడిక ఎక్కువగా గుండె నుంచి బృహద్ధమని బయల్దేరే మూలంలో వస్తుంది, గుండెకు రక్తమిచ్చే ధమనుల్లో అరుదు, అది చిట్లి రక్తం గడ్డకట్టి గుండెపోటు రావడం ఇంకా అరుదు. మనిషి గుండె ధమనులకు దగ్గరగా ఉండేవి పందులు, కోతులు. అమెరికాలోని జార్జియా తీరంలో ఆసబా దీవిలో పెరిగిన పందులకు ఎక్కువ కేలరీల మేత పెడితే లావు, ఇన్సులిన్ నిరోధకత, రక్తపోటు, గుండె ధమనుల్లో పూడిక అన్నీ కలిసి వస్తాయి. మనుషుల్లో చూసే చిత్రానికి బాగా దగ్గరగా ఉంటుంది, కాకపోతే ఖర్చూ కాలమూ ఎక్కువ కాబట్టి ఆ ప్రయోగాలు తక్కువ.

వచ్చిన పూడిక తగ్గుతుందా

చాలాకాలం తగ్గదనే అనుకున్నారు. 1970లో అయోవాలో రీసస్ కోతులకు 17 నెలలు కొలెస్ట్రాల్ ఎక్కువున్న మేత పెట్టి, గుండె ధమనులు బాగా ఇరుకైన తర్వాత, 40 నెలలు కొలెస్ట్రాల్ లేని మేతకు మార్చారు. పూడిక చాలావరకు కరిగి దారి తెరుచుకుంది. ఈ జబ్బు ఒకవైపే నడుస్తుందన్న నమ్మకాన్ని గట్టిగా కదిలించిన ప్రయోగం అది.

ఇక్కడా మేత మారితే బరువూ మారవచ్చు, మళ్లీ అదే చిక్కు. దాన్ని తప్పించడానికి న్యూయార్క్‌లో ఎడ్వర్డ్ ఫిషర్ బృందం ఒక అద్భుతమైన పని చేసింది. అపో-ఈ లేని చిట్టెలుక నుంచి పూడిన బృహద్ధమని ముక్కను కోసి, రక్తంలో కొవ్వులు సరిగ్గా ఉన్న మామూలు చిట్టెలుకలో అతికించారు. ధమని అదే, దాని లోపలి పూడిక అదే, మారింది దాని గుండా పారే రక్తం. రోజుల్లోనే నురగ కణాలు గోడ వదిలి వెళ్లిపోవడం మొదలుపెట్టాయి. ఏ జంతువునూ సన్నబరచలేదు, ఎవరికీ డైట్ పెట్టలేదు.

మరి ఒంటి జీవక్రియ చెడిపోయి ఉంటే? అదే నగరంలో 2011లో, కొలెస్ట్రాల్‌ను కావాల్సినప్పుడు తగ్గించే వీలున్న చిట్టెలుకల్లో కొన్నింటికి ముందుగా మధుమేహం తెప్పించి, ఆ తర్వాత అన్నింటిలోనూ కొలెస్ట్రాల్ తగ్గించారు. మధుమేహం లేనివాటిలో పూడికలోని మాక్రోఫేజ్‌లు బాగా తగ్గాయి. మధుమేహం ఉన్నవాటిలో రక్తంలో కొలెస్ట్రాల్ అంతే తగ్గినా, మాక్రోఫేజ్‌లు అంతగా కదల్లేదు, ఉన్నవి ఇన్‌ఫ్లమేషన్ గుణాన్ని వదులుకోలేదు. ఆ చిట్టెలుకలు లావువి కావు. అంటే లావు లేకపోయినా మధుమేహం పూడిక తగ్గడానికి అడ్డుపడగలదు.